ఆషాఢంలో పెదవి మరమ్మతు: ఒక పెళ్ళి బ్యాండు ట్రంపెట్ వాద్యకారుడి కేస్ స్టడీ

జ్యేష్ఠం ఆఖరి వారంలో అతను మా ఇంటికి వచ్చేసరికి పై పెదవి మీద ఎర్రటి వలయం ఉంది. ట్రంపెట్‌లో పెదవులకు ఆనించి ఊదే భాగమైన మౌత్‌పీస్ అంచు దిగబడిన గుర్తు అది. ముందు రోజు రాత్రి ఊరేగింపులో పడిన ఆ గుర్తు మర్నాడు మధ్యాహ్నానికి కూడా చెరగలేదు. "మాస్టారూ, కాఫీ తాగుతుంటే పెదవికి వేడి తెలియడం లేదు" అన్నాడు. ట్రంపెట్ నేర్పేవాడు ఎవడైనా ఆ మాట వింటే ఉలిక్కిపడతాడు.

అతని వయసు 27. గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో పెళ్ళి బ్యాండుకు మొదటి ట్రంపెట్. తండ్రి అదే బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. పన్నెండో ఏట వాద్యం పట్టుకున్నాడు. అతని అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను, పేరూ ఊరూ మాత్రం రాయను. నేను పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణ పొంది, ఇరవై రెండేళ్ళు సైనిక బ్యాండులో ట్రంపెట్ వాయించి, విరమణ తర్వాత పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఇత్తడి వాద్యం మీద పెదవులను నిలిపే తీరును ఫ్రెంచి మాటతో ఆంబషూర్ అంటారు. మా బ్యాండు వాళ్ళం మామూలుగా 'లిప్' అనేస్తాం. నేను 'పెదవి పట్టు' అంటాను. దీని గురించి తెలుగులో రాసిన అనుభవాలు చాలా తక్కువ. అందుకే ఈ కేసును నేను చేసిన పొరపాటుతో సహా మొత్తం రాస్తున్నాను.

అతను చెప్పింది

మొదటి రోజు వాద్యం పెట్టెలోంచి తీయనివ్వలేదు, మాట్లాడించాను. ఆ సీజనులో రెండు నెలల్లో 31 పెళ్ళిళ్ళు వాయించాడు. ఒక్కో ఊరేగింపు రెండున్నర గంటల నుంచి నాలుగు గంటలు. మొదటి అరగంట హాయిగా సాగుతుంది. గంట దాటేసరికి పై స్వరాలు జారిపోతాయి. అప్పుడు వాద్యాన్ని మూతికేసి అదమడం మొదలవుతుంది. అదిమితే స్వరం పలుకుతుంది, కానీ పది నిమిషాల తర్వాత ఇంకా గట్టిగా అదిమితే తప్ప పలకదు. చివరికి వచ్చేది స్వరం కాదు, గాలి కలిసిన బొంగురు చప్పుడు. మునుపటి సీజన్లలో తెల్లారేసరికి పెదవి మామూలు అయ్యేది. ఈసారి కాలేదు.

సలహాలు మాత్రం చాలామందే ఇచ్చారు. పెదవుల మధ్య పెన్సిలు పట్టుకుని గంటసేపు కూర్చోమన్నారు ఒకరు. లోతు తక్కువ ఉన్న మౌత్‌పీస్ కొనమన్నారు మరొకరు. మౌత్‌పీస్ మూతికి సరిగ్గా మధ్యలో లేదు, కుడికి జరిగి ఉంది, జబ్బంతా అదేనన్నారు ఇంకొకరు. పై స్వరం కోసం 'ఈ' అనుకుంటూ ఊదమని చిన్నప్పటి గురువుగారు చెప్పారట. అన్నీ చేశాడు. ఈ సలహాలన్నిటి వెనకా ఉన్నది ఒకటే నమ్మకం: పెదవికి బలం చాలడం లేదని. పదిహేనేళ్ళు ఊరేగింపులు మోసిన పెదవికి బలం లేకపోవడమేమిటి? నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"పెదవి చిరిగిపోతుందా, మాస్టారూ?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేదు. చాలా అరుదుగా చిరుగుతుంది. పెదవుల చుట్టూ ఉండే వలయ కండరం ట్రంపెట్ వాద్యకారుల్లో తెగడం గురించి 1982లో ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీదుగా దానికి 'సాచ్‌మో సిండ్రోమ్' అని పేరు. అంతటి ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా 1930ల మధ్యలో పెదవి దెబ్బతిని నెలల తరబడి వాయించలేకపోయాడు. అయితే కండరం తెగితే పెదవి బిగించినప్పుడు ఒకచోట పల్లం పడుతుంది, గాలి పట్టు నిలవదు. ఇతని పెదవి అన్నివైపులా సమానంగానే బిగుస్తోంది. అయినా ఒక షరతు పెట్టాను. అయిదు రోజుల పూర్తి విశ్రాంతికి తిమ్మిరి పోకపోతే ముందు నరాల డాక్టరు, ఆ తర్వాతే నేను. నాలుగో రోజు సాయంత్రం ఫోను చేశాడు, టీ వేడి తెలుస్తోందని.

ముందు వాద్యం, తర్వాత మనిషి

పెదవిని తప్పుపట్టే ముందు వాద్యాన్ని చూడాలి. మన పెళ్ళి బ్యాండుల వాద్యాల్లో చాలావాటిలాగే ఇదీ మీరట్‌లో తయారైంది. తయారీలో లోపం లేదు, పదేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదంతే. నీళ్ళు వదిలే మీట కింద బెండు ముక్క అరిగి గాలి కారుతోంది. మౌత్‌పీస్ కాడ వదులై ఊగుతుంటే దారం చుట్టాడు. మౌత్‌పీస్ అంచు మీద వెండి పూత పోయి ఇత్తడి బయటపడింది, ఒకచోట చిన్న నొక్కు కూడా ఉంది. గాలి కారే వాద్యంలోకి ఎంత ఊదినా చాలదు, చాలనప్పుడు మనిషి చేత్తో అదుముతాడు. బెండు మార్పించాను. ఆ లోతు తక్కువ మౌత్‌పీస్ పక్కన పెట్టించి మామూలు 7సి కొలతది ఇచ్చాను, లోపలి వ్యాసం దాదాపు 16.2 మిల్లీమీటర్లు. దాంతో పెద్ద మార్పు వస్తుందని ఆశించలేదు, రాలేదు కూడా. కానీ ఇకపై తప్పును వాద్యం మీదికి నెట్టే వీలు లేకుండా పోయింది.

ఆరో రోజున మనిషిని చూశాను. ఇక్కడ స్వరాల పేర్లు ట్రంపెట్ వాళ్ళు కాగితం మీద రాసుకునే పేర్లే. పిస్టన్లు ఒక్కటీ నొక్కకుండా పెదవి, ఊపిరి మార్చుకుంటూ పోతే మధ్య సి, దాని పైన జి, ఆ పైన రెండో సి, ఇ, పై జి, ఇంకా పైకి వెళ్తే మూడో సి పలుకుతాయి. మొదటి జి దగ్గర పెదవులు సెకనుకు దాదాపు 349 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. రెండో సి దగ్గర 466, మూడో సి దగ్గర 932. ఇంత వేగంగా కదలాల్సిన మెత్తటి కండను లోహానికీ పంటికీ మధ్య బిగించి పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. స్వరం తాత్కాలికంగా పైకి వెళ్తుంది, ఎందుకంటే పెదవిలో కదిలే భాగం చిన్నదవుతుంది. కానీ అదే ఒత్తిడికి రక్త ప్రసరణ తగ్గుతుంది, కండ వాస్తుంది, వాచిన కండను కదిలించడానికి ఇంకా అదమాలి.

నేను చేసిన పరీక్షల్లో అసలు సంగతి బయటపెట్టింది అరచేతి పరీక్ష. ఎడమ చేత్తో వాద్యాన్ని బిగించి పట్టుకోకుండా, చాచిన అరచేతి మీద ఊరికే పడుకోబెట్టి, పెదవులకు ఆనించి ఊదమన్నాను. అలా ఊదేటప్పుడు వెనక్కి లాక్కునే వీలుండదు. ఎప్పటిలా పట్టుకుని వాయిస్తే అతను పై జి దాటి ఎ దాకా వెళ్తున్నాడు. అరచేతి మీద మొదటి జి దగ్గరే ఆగిపోయాడు. ఆ రెంటి మధ్య ఉన్న దూరమంతా చేయి చేస్తున్న పని. అరచేతి మీదే ఎప్పుడూ వాయించాలని నేను అనడం లేదు. అసలు ఒత్తిడే లేకుండా ట్రంపెట్ వాయించేవాళ్ళు ఎవరూ లేరు, గాలి బయటికి పోకుండా ఆపడానికి కొంత ఆనింపు కావాలి. ఇది కొలత మాత్రమే.

తర్వాత పిడికి బిగించిన, కప్పు లేని ఖాళీ మౌత్‌పీస్ అంచును పెదవులకు పెట్టించి ఊదించి, ఫోనులో వీడియో తీశాను. స్వరం పైకి వెళ్తున్న కొద్దీ మూతి మూలలు నవ్వుతున్నట్టు పక్కలకు లాగుతున్నాడు. పై పెదవి పల్చగా సాగుతోంది. గడ్డం కింద చర్మం ముద్దకట్టి పైకి వస్తోంది. పళ్ళు దాదాపు కలిసిపోతున్నాయి. పలుచబడ్డ పెదవి వెనక పంటి అంచు, ముందు లోహం. పైన ఒక పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది, దాని అంచు పెదవి లోపలి వైపు గీరుతోంది. దంత వైద్యుడి దగ్గరికి పంపితే ఆయన ఆ అంచును నునుపు చేశారు. మౌత్‌పీస్ కుడికి జరిగి ఉండటానికి కారణం కూడా అదే పన్ను. చిన్నప్పుడే పెదవి తనకు నొప్పి లేని చోటును వెతుక్కుంది.

ఆషాఢం

పెదవి పట్టు మార్చేటప్పుడు కొన్నాళ్ళు పాత పద్ధతీ ఉండదు, కొత్తదీ రాదు. ఆ సంధికాలంలో వాయించమంటే మనిషి బతుకుతెరువు పోతుంది. అందుకే పెళ్ళిళ్ళు లేని ఆషాఢాన్ని ఎంచుకున్నాం. బ్యాండు వాళ్ళకు ఆదాయం లేని నెల అది. మూఢం వచ్చిన ఏడాది ఇంకా కష్టం. ఆ నెలను పాఠానికి ఇవ్వడం అతనికి చిన్న విషయం కాదు. ఆ పట్టుదలను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను.

ఆరో రోజు నుంచి పన్నెండో రోజు దాకా ట్రంపెట్‌తో పాట వాయించలేదు. రెండు పనులే చేయించాను. ఒకటి, శ్రుతి సరిచేసే గొట్టం తీసేసి మౌత్‌పీస్ నుంచి వచ్చే మొదటి గొట్టంలోకి మాత్రమే ఊదడం. ఆ గొట్టం తనకు నచ్చిన ఒక్క స్వరాన్ని తేలిగ్గా పలుకుతుంది. ఆ స్వరం దగ్గరికి మనం వెళ్ళాలే తప్ప దాన్ని బలవంతంగా లాగకూడదు. లాగితే వెంటనే వినిపిస్తుంది.

రెండోది పెదవుల ఆకారం. మన వర్ణమాలలో ఓష్ఠ్యాలున్నాయి కదా, దీనికి అంతకు మించిన పాఠం నాకు దొరకలేదు. 'మ్' అని పలికి ఆగమన్నాను. పెదవులు ఎంత సహజంగా కలుసుకుంటాయో చూసుకోమన్నాను, మడత లేదు, సాగదీత లేదు. అక్కడి నుంచి 'ఊ' అనబోతున్నట్టు మూలలను కొంచెం లోపలికి తెచ్చి నిలపాలి. చెంప కండరాలు, పెదవి కండరాలు వచ్చి కలిసే ముడి మూతి మూలలోనే ఉంది. అది నిలిస్తే మధ్య భాగం స్వేచ్ఛగా కదులుతుంది. అది పక్కకు జారితే మధ్య భాగమంతా తీగలా సాగుతుంది.

ఇక్కడే గురువుగారి 'ఈ' గుట్టు తెలిసింది. ఆయన చెప్పింది తప్పు కాదు. పై స్వరానికి నాలుక మధ్య భాగం 'ఈ' అన్నప్పటిలా పైకి లేవాలి, దాంతో గాలి దారి సన్నబడి వేగం పెరుగుతుంది. కానీ తెలుగులో 'ఈ' అంటే పెదవులు కూడా పక్కలకు సాగుతాయి. పిల్లవాడు నాలుకతోపాటు పెదవులనూ 'ఈ' చేశాడు. పదిహేనేళ్ళ నవ్వు అలా మొదలైంది. "నాయనా, నాలుకకు ఈ, పెదవికి ఊ" అన్నాను. మొదట రెండూ ఒకేసారి కుదరలేదు. అద్దం ముందు కూర్చుని మూడు రోజులు వట్టి నోటితో చేశాడు. నాలుగో రోజు ఆ రెంటి మధ్య విచిత్రమైన అచ్చు ఒకటి పలికి, నవ్వి, "ఇది ఏ భాష మాస్టారూ" అన్నాడు. జర్మన్లకు ఆ అచ్చు ఉందని చెప్పాను.

ఊపిరికి వాళ్ళ నాయనమ్మ ఇంట్లో వాడిన ఊదుగొట్టాన్ని గుర్తుచేశాను. పొయ్యి రాజుకోవాలంటే బుగ్గలు పూరించి ఒక్కసారి ఉఫ్ఫని ఊదితే బూడిద లేస్తుంది. సన్నగా, ఆపకుండా ఊదితే నిప్పు ఎర్రబడుతుంది. ఆ మాట అతనికి వెంటనే అందింది.

నా పొరపాటు

పదమూడో రోజున నేను చేయకూడని పని చేశాను. అతని మౌత్‌పీస్ మూడింట రెండు వంతులు పై పెదవి మీద ఉంటోంది. నేను నేర్చుకున్నది దానికి తలకిందులు. ట్రంపెట్ లాంటిదే అయిన కార్నెట్ నేర్పిన ఫ్రెంచి ఆచార్యుడు ఆర్బన్ 1864లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో మూడింట ఒక వంతు పై పెదవి మీద, రెండు వంతులు కింది పెదవి మీద ఉండాలని ఉంది. నా ముఖానికి అది సరిపోయింది. నాకు సరిపోయిందే నియమం అనుకుని అతని మౌత్‌పీస్‌ను కిందికీ మధ్యకూ జరిపించాను.

ఎనిమిది రోజులు. నాదం పల్చబడింది. అరచేతి మీద మొదటి జి కూడా పోయి మధ్య సి మిగిలింది. ఎక్కి ఉన్న పన్ను మళ్ళీ పెదవిని నొక్కింది. ఎదురు చెప్పే అలవాటు లేని మనిషి, చెప్పినట్టు చేస్తూనే ఉన్నాడు. ఇరవయ్యో రోజు సాయంత్రం వాద్యం ఒళ్ళో పెట్టుకుని, "నేను డ్రమ్ములకు మారిపోతాను మాస్టారూ" అన్నాడు.

ఆ రాత్రి ఆరో రోజున తీసిన వీడియోలు మళ్ళీ చూశాను. అతని కింది దవడ సహజంగానే కొంచెం వెనక్కి ఉంది. అలాంటి ముఖంలో గాలి పెదవుల నుంచి కిందికి వాలి వెళ్తుంది, మౌత్‌పీస్‌లో పై పెదవి ఎక్కువ ఉండటమే దానికి సహజం. డొనాల్డ్ రైన్‌హార్ట్ అనే అమెరికన్ ట్రాంబోన్ గురువు వాద్యకారుల దవడ, పళ్ళ తీరును బట్టి, గాలి పైకి వెళ్తుందా కిందికి వెళ్తుందా అన్నదాన్ని బట్టి వాళ్ళను రకాలుగా విడదీశాడు. ఈ సంగతి నేను చదివినదే. చదివి కూడా నా ముఖాన్ని అతని ముఖం మీద పెట్టబోయాను. మర్నాడు ఆ మాటే అతనితో చెప్పి, మౌత్‌పీస్‌ను పాత చోటికే పంపాను. కుడికి జరిగి, పై పెదవి మీద ఎక్కువగా. మూలలు, నాలుక, ఊపిరి మాత్రం కొత్తవి.

మార్పు చూడటానికి రోజులు పట్టలేదు. ఆ పూటే జి పలికింది, మెత్తగా, గాలి కలవకుండా. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మిగిలిన పది రోజులు కఠినంగా గడిచాయి, కానీ చెప్పడానికి ఎక్కువ లేదు. ఎంతసేపు వాయిస్తే అంతసేపు విశ్రాంతి. రోజు మొత్తం 20 నిమిషాలతో మొదలుపెట్టి 70 నిమిషాలకు వచ్చాం. స్వరాలన్నీ వీలైనంత నెమ్మదిగా, చిన్న గొంతుతో, ఎందుకంటే గట్టిగా వాయించినప్పుడు తప్పు దాక్కుంటుంది. కుడి చిటికెన వేలిని కొక్కెంలోంచి తీయించాను. ఆ కొక్కెం పట్టుకుని వాద్యాన్ని మూతిమీదికి లాక్కోవడం చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. ఇ స్వరం దగ్గర ప్రత్యేకంగా కష్టపడ్డాం. పిస్టన్లు నొక్కకుండా పలికే ఆ ఇ సహజంగానే కాస్త తక్కువ శ్రుతిలో ఉంటుంది, దాన్ని సరిచేయబోయి అతను పెదవి పిండేవాడు. శ్రుతిని మూతితో కాకుండా గాలితో లేపడం నేర్చుకోవడానికి వారం పట్టింది. ఆషాఢం చివర అరచేతి మీద రెండో సి నిలకడగా, ఇ అప్పుడప్పుడు.

శ్రావణం, వీధి

గదిలో వచ్చిన మార్పు వీధిలో నిలుస్తుందా అన్నదే నా భయం. వాళ్ళ బ్యాండు యజమానిని కలిశాను. పెద్దాయన మర్యాదగా విని, "మాస్టారూ, జనం డబ్బిచ్చేది చప్పుడుకే. మా వాడు మెత్తగా వాయిస్తే రెండో వీధిలోకి వినపడదు" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది, తోసిపుచ్చలేదు. రెండు నెలలకు ఒప్పందం చేసుకున్నాం. పల్లవి ఇతనిది, చరణం రెండో ట్రంపెట్‌ది. చాలా పైకి వెళ్ళే పాటల్లో ఇతను కింది స్థాయిలో వాయిస్తే క్లారినెట్ పైన ఉంటుంది. నడుస్తూ వాయించడం తగ్గించి, ఊరేగింపు ఆగిన చోట్ల ఎక్కువ వాయించడం. నడిచేటప్పుడు ప్రతి అడుగు అదురూ మౌత్‌పీస్ ద్వారా పంటికి తగులుతుందని పెద్దాయనకు వాద్యం చేతికిచ్చి చూపించాక ఆ చివరి షరతుకు ఒప్పుకున్నారు.

మూడో పెళ్ళిలో పాత వలయం మళ్ళీ వచ్చింది. నేను ఆ ఊరేగింపుకు వెళ్ళాను. ముందు జనరేటరు, వెనక డ్రమ్ములు, పక్క సందులో వేరే పెళ్ళి వారి డీజే పెట్టెలు. అతనికి తన స్వరం తనకు వినిపించడం లేదు. వినిపించని మనిషి గట్టిగా ఊదుతాడు, గాలి చాలక చేత్తో లాగుతాడు. మందుల షాపులో దొరికే నురుగు బిరడా ఒకటి కుడి చెవిలో పెట్టించాను. చెవి మూసుకుంటే పుర్రె ఎముక ద్వారా మన వాద్యం మనకు లోపలి నుంచి వినిపిస్తుంది. పావుగంటలో భుజాలు కిందికి దిగాయి. అప్పటి నుంచి బిరడా అతని జేబులో ఉంటోంది. డ్రమ్ముల పక్కన గంటలు గడిపే చెవికి కూడా అది మంచిదే.

కార్తీకం ముగిసేనాటికి

అయిదు నెలల తర్వాత అరచేతి మీద పై జి పలికింది. రెండున్నర గంటల ఊరేగింపు తర్వాత వలయం గుర్తు గంటలోపే పోతోంది. తిమ్మిరి మళ్ళీ రాలేదు. నాదం మునుపటికన్నా గుండ్రంగా ఉంది. రెండో వీధిలోకి వినపడుతోందని పెద్దాయనే ఫోను చేసి చెప్పారు.

కుదరనివీ ఉన్నాయి. మూడో సి ఇప్పటికీ నమ్మకంగా రాదు. మునుపు అదిమి పలికించిన ఎ కూడా ఇప్పుడు రోజు బాగున్నప్పుడే వస్తుంది. అలసిపోతే ముందుగా జారేది కుడి మూల. అద్దంలో చూస్తే పై జి దాటేచోట నాలుక లేవడం లేదు, దవడ మూసుకుంటోంది. ఆ ఒక్క మెట్టు దగ్గర కొత్త అలవాటు ఇంకా పాతుకోలేదు. ముహూర్తాలుండని పుష్యమాసంలో మూడు వారాలు మళ్ళీ వస్తానన్నాడు. ఈసారి తనతో పాటు రెండో ట్రంపెట్ కుర్రవాణ్ణి తీసుకొస్తాడట. ఆ కుర్రవాడి మౌత్‌పీస్ ఎడమకు జరిగి ఉంటుందని, దాన్ని ఎవరూ కదపకుండా చూస్తున్నానని ఫోనులో చెప్పాడు.